ర్యామ్ మీద అనుమానమా? మెమ్‌టెస్ట్86+ మేలా, మెమ్‌టెస్టర్ మేలా?

"లినక్స్ ఊరికే హ్యాంగ్ అవుతోంది, ర్యామ్ పోయిందేమో, దేంతో టెస్ట్ చేయాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. మెమ్‌టెస్ట్86+, మెమ్‌టెస్టర్ రెండూ ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రాములే. టెస్ట్ మొదలుపెట్టే ముందు కిందటి బూట్ తాలూకు కెర్నెల్ (లినక్స్‌కి గుండెలాంటి ప్రోగ్రామ్) లాగ్ తీసి చూడండి. అందులో "ఔట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్" అని కనిపిస్తే చాలావరకు ర్యామ్ చెడిపోలేదు, చాలట్లేదంతే. స్వాప్ (ర్యామ్ నిండితే డిస్క్‌లో వాడే చోటు) పెంచుకుంటే గండం గడుస్తుంది. అలా కాకుండా ఓసారి బ్రౌజర్, ఓసారి ప్యాకేజీ మేనేజర్, ఇలా ఒకదానికొకటి సంబంధం లేని ప్రోగ్రాములు సెగ్‌ఫాల్ట్ అవుతున్నా (మెమరీ తప్పుతో కూలిపోతున్నా), ఒకే ఐఎస్ఓ (డిస్క్ ఇమేజ్) ఫైలుకి చెక్‌సమ్ (ఫైలు సరిగ్గా ఉందో లేదో చెప్పే సంఖ్య) ఒక్కోసారి ఒక్కోలా వస్తున్నా ర్యామ్‌ని అనుమానించాల్సిందే.

మెమ్‌టెస్టర్‌తో హాయి ఏమిటంటే, మెషీన్ ఆపక్కర్లేదు. టెర్మినల్ తెరిచి ఎన్ని జీబీలు, ఎన్నిసార్లు అని చెబితే పని మొదలుపెడుతుంది. మానిటర్ కూడా లేకుండా ఎక్కడో మూలన ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పద్ధతి) మీద నడిచే సర్వర్‌కి ఇదే దిక్కు.

కానీ నా దృష్టిలో అసలు తేడా టెస్ట్ ఎక్కడ నిలబడి చేస్తున్నాం అన్నదే. మెమ్‌టెస్టర్ మామూలు ప్రోగ్రామ్. కెర్నెల్ ఎంత మెమరీ ఇస్తే అంతే చూడగలదు. 8 జీబీ లాప్‌టాప్‌లో డెస్క్‌టాప్ నడుస్తుండగా ఏ 5 జీబీయో అడగొచ్చు. ఆశకు పోయి ఇంకా అడిగితే ఓఓఎమ్ కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాములను ఆపే కెర్నెల్ భాగం) దిగి, దొరికిన ప్రోగ్రామ్‌ని చంపేస్తుంది. మిగిలిన 3 జీబీలో కెర్నెల్ ఉంది, డెస్క్‌టాప్ ఉంది. చెడిన సెల్ అక్కడే ఉందనుకోండి, "స్టక్ అడ్రస్, ఓకే", "ర్యాండమ్ వాల్యూ, ఓకే", "బిట్ ఫ్లిప్, ఓకే" అంటూ అన్నీ పాసైపోతాయి. అరగంటకి సిస్టమ్ మళ్లీ బిగుసుకుపోతుంది. కాబట్టి మెమ్‌టెస్టర్ ఫెయిల్ అంటే నమ్మండి, ఓకే అంటే మాత్రం నమ్మొద్దు.

మెమ్‌టెస్ట్86+ ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండానే బూట్ అవుతుంది కాబట్టి దాదాపు ర్యామ్ అంతా దాని చేతికి చిక్కుతుంది. తప్పు దొరికితే స్క్రీన్ మీద ఎర్రర్ లైన్లు వస్తాయి, పక్కనే అడ్రస్‌తో సహా. వారంటీకి వెళ్లేటప్పుడు ఆ స్క్రీన్ ఫోటో తీసుకెళ్తే షాపువాడితో వాదన సగం తగ్గుతుంది. చిక్కల్లా టైమే. 16 జీబీకి ఒక్క పాస్‌కే (అన్ని పరీక్షలూ ఒక చుట్టు) గంట పైన పట్టొచ్చు, నికరంగా తేలాలంటే రాత్రంతా వదిలేయాలి. యూపీఎస్ లేని డెస్క్‌టాప్‌లో మధ్యలో కరెంటు పోయిందో, కథ మళ్లీ మొదటికే.

ఇంకో పేచీ వెర్షన్‌తో. యూఈఎఫ్ఐ (కొత్త మెషీన్లలో పాత బయాస్ బదులు వచ్చింది) సపోర్ట్ 2022లో వచ్చిన 6.00తోనే మొదలైంది. ఉబుంటు 22.04 ప్యాకేజీ అంతకంటే పాతది, అందుకే కొత్త మెషీన్ల గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) మెనూలో అది కనిపించదు. వాళ్ల సైట్ నుంచి కొత్త ఐఎస్ఓ దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. సెక్యూర్ బూట్ (సంతకం లేని ప్రోగ్రాములను బూట్ కానివ్వని రక్షణ) కూడా ఆపాల్సి రావచ్చు. ఆఫీసు లాప్‌టాప్ కాబట్టి అది ఆపనివ్వరంటే, ప్లస్ లేని మెమ్‌టెస్ట్86 వాడండి. అది ఓపెన్ సోర్స్ కాదు, ఉచిత ఎడిషన్ నాలుగు పాస్‌లకే ఆగిపోతుంది, కానీ సెక్యూర్ బూట్ ఉన్నా నడుస్తుంది.

రాత్రంతా మెమ్‌టెస్ట్ పాసై, ఆటల్లోనో కంపైలింగ్‌లోనో మాత్రం క్రాష్ అయ్యే మెషీన్లు కొన్నుంటాయి. వాటికి గూగుల్ వాళ్ల స్ట్రెస్‌యాప్‌టెస్ట్ నడపండి, అన్ని కోర్లనీ ర్యామ్ మీదికి ఒకేసారి తోలుతుంది. కెర్నెల్‌లోనే ఉన్న మెమ్‌టెస్ట్ బూట్ ఆప్షన్ గురించీ అడుగుతుంటారు. ఉంది, పైపైన చూసి వదిలేస్తుంది.

ఎర్రర్ లైన్లు వచ్చాయని వెంటనే స్టిక్ పారేయకండి. బయాస్‌లో ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే ఆపి మళ్లీ టెస్ట్ చేయండి. స్టిక్ బయటికి తీసి పిన్నులు రబ్బరుతో రుద్దడం మన రిపేరు షాపుల పాత వైద్యం, కాంటాక్ట్ సమస్యయితే పనిచేస్తుంది కూడా. రెండు స్టిక్కులుంటే ఒక్కోటే పెట్టి చూడండి. ఒకే స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా ఫెయిలైతే దోషం దానిదే. స్టిక్ మారినా అదే స్లాట్‌లో ఫెయిలవుతుంటే మదర్‌బోర్డు వైపు చూడాలి.

ర్యామ్ బోర్డుకే అతికించిన సన్నటి లాప్‌టాప్‌లకి ఈ మార్పిడి కుదరదు. మెమ్‌టెస్ట్86+ని నేను ఎంచుకునేది ముఖ్యంగా ఇక్కడే. ఎఫ్1 నొక్కి ఎర్రర్ రిపోర్టును లినక్స్ మెమ్‌మ్యాప్ పద్ధతికి మారిస్తే, చెడిన చోటు మాత్రం వాడొద్దని కెర్నెల్‌కి చెప్పే లైను అదే రాసిస్తుంది. దాన్ని గ్రబ్ డిఫాల్ట్ ఫైలులో పెట్టేటప్పుడు డాలర్ గుర్తు ముందు బ్యాక్‌స్లాష్‌లు మర్చిపోకండి. లేకపోతే గ్రబ్ దాన్ని మింగేస్తుంది. రీబూట్ అయ్యాక ప్రాక్ ఫోల్డర్‌లోని సీఎండీలైన్ ఫైలు తెరిచి డాలర్ మిగిలిందో లేదో చూసుకోండి.