బెంగళూరులో రెండు వారాలు స్పోర్ట్స్ లా చదివొచ్చాను

కర్నూలులో పొద్దున వందేభారత్ ఎక్కితే మధ్యాహ్నానికి యశ్వంతపూర్‌లో దించుతుంది. దగ్గర్లోనే మెట్రో గ్రీన్ లైన్ స్టేషన్ ఉంది, ఆ లైన్ నేరుగా జయనగర్ వెళ్తుంది. ఈ సంగతి నాకు తిరుగు ప్రయాణంలో తెలిసింది. వచ్చిన రోజు మాత్రం రెండు సంచులతో ఆటో ఎక్కి నాలుగు వందల యాభై సమర్పించుకున్నాను.

నేను లా నాలుగో ఏడాది. జయనగర్ వైపు ఒక కాలేజీ వాళ్లు వేసవిలో రెండు వారాల స్పోర్ట్స్ లా కోర్సు పెట్టారంటే చేరాను. "ఆటలకి లా ఏంటే?" అని అమ్మ. తమ్ముడు వెయిట్‌లిఫ్టింగ్ చేస్తాడు, వాడొక్కడే నన్ను వెనకేసుకొచ్చాడు. "అక్కా, నన్ను సెలక్షన్‌లో తీసేస్తే నువ్వు కేసెయ్యొచ్చు" అన్నాడు. వాడి స్వార్థం వాడిది.

బస మూడు చోట్ల మారాను. మొదట కాడుగోడిలో పిన్ని వాళ్లింట్లో. తిండికి, ప్రేమకి లోటు లేదు. కానీ పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి, అక్కడ ఆ జనంలో గ్రీన్ లైన్‌కి మారి కాలేజీకి చేరేసరికి గంటన్నర. రానూపోనూ టికెట్టు నూట యాభై దాటింది. రెండ్రోజులకే దండం పెట్టేశాను. రెండోది కాలేజీ హాస్టల్. "వసతి ఉంది" అని కరపత్రంలో వేశారు గానీ, సెలవుల్లో మెస్ మూసేస్తారన్న ముక్క వెయ్యలేదు. గదికి ఆరుగురు, బాత్రూం వరండా చివర. ఒక్క రాత్రి పడుకున్నాను.

చివరికి బీటీఎం లేఅవుట్‌లో లేడీస్ పీజీ. నడిపేది నెల్లూరు ఆంటీ, వంటామె మదనపల్లె వైపు మనిషి. ఆ వీధిలో తెలుగు బోర్డులు చూస్తే బెంగళూరు వచ్చామా అని అనుమానమొస్తుంది. రాత్రి పదికి గేటు మూసేస్తారు, వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకే. పప్పుచారు మాత్రం చాలా బాగుండేది, బయట హోటళ్లలో బెల్లం సాంబారు తిన్న నాలుకకి ప్రాణం లేచొచ్చింది. కాలేజీకి బస్సులో ఇరవై నిమిషాలు, సాయంత్రం వాన పడితే గంట. రెండు వేలు అడ్వాన్స్ కట్టించుకుని, వెళ్లేటప్పుడు ఐదు వందలు పెయింటింగ్‌కని పట్టేశారు. పదకొండు రోజుల్లో నేను గోడ మీద ఏం రాశానని? వాదిద్దామనుకున్నాను. కాబోయే లాయర్‌నే, కానీ రైలు టైమైపోతోంది.

ఇక చదువు. మొదటి వారం చెత్త అనను గానీ, ఇచ్చిన డబ్బుకి సరిపోదు. స్లైడ్లు చదివి వినిపించారు. ప్రింటు తీసిచ్చిన మెటీరియల్ ఇంకా క్రీడా సంఘాలకి కేంద్రం పెట్టిన 2011 నియమావళి, అదే స్పోర్ట్స్ కోడ్, దగ్గరే ఉంది. 2025లో జాతీయ క్రీడా పరిపాలన చట్టమే వచ్చింది, క్రీడా సంఘాల గొడవలకి ప్రత్యేక ట్రిబ్యునల్ పెట్టమంది. ఆ మాట మేమడిగితే తప్ప రాలేదు. ఆ వారంలో నాకు గుర్తుండిపోయింది అజారుద్దీన్ కేసే. మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణల మీద 2000 డిసెంబరులో బీసీసీఐ ఆయన మీద జీవితకాల నిషేధం వేసింది. అది చెల్లదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది 2012 నవంబరులో. అప్పటికి ఆయనకి 49 ఏళ్లు. ఆడిన టెస్టులు 99 దగ్గరే ఆగిపోయాయి. మన హైకోర్టు తీర్పు, మన హైదరాబాద్ ఆటగాడు, నేను మాత్రం దాన్ని బెంగళూరు వెళ్లి చదవాల్సొచ్చింది.

రెండో వారం ఒక అడ్వొకేట్ సార్ వచ్చారు, క్లాసు వేడెక్కింది. మొదటి రోజే డోప్ టెస్ట్, అంటే ఆటగాళ్లు నిషేధించిన మందులు వాడారా అని చూసే పరీక్ష, ఎలా చేస్తారో చేసి చూపించారు. క్రీడాకారిణి పాత్ర నాకిచ్చారు. బల్ల మీద ఎ, బి అని రెండేసి సీసాలున్న మూడు కిట్లు పెట్టి "నువ్వే ఎంచుకో" అన్నారు. కిట్టు ఎంచుకునే హక్కు ఆటగాడిదే. మూత్రం బదులు గ్లాసులో పాలు లేని టీ. కనీసం 90 మిల్లీలీటర్లు ఉండాలి. ముందు బి సీసాలో 30, తర్వాత ఎ సీసాలో 60, పొయ్యాల్సింది కూడా నేనే. మూత తిప్పుతుంటే టిక్, టిక్, టిక్ అని చప్పుడు. ఒకవైపే తిరుగుతుంది, వెనక్కి రాదు. బలమంతా పెట్టి చూశాను, చెయ్యి నొప్పెట్టింది. ల్యాబులో ఎ సీసా పరీక్షలో తేడా వస్తే, ఆటగాడు అడిగితే బి తెరుస్తారు.

తర్వాత ఫారం. గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయాలి. పారాసెటమాల్ అని రాశాను.

"ప్రొటీన్ పౌడర్ తాగవా అమ్మా?"

"నేను తాగను సార్, మా తమ్ముడు తాగుతాడు."

అందరూ నవ్వారు, సార్ నవ్వలేదు. ఒంట్లో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే, తెలియక తాగానంటే శిక్ష తగ్గొచ్చేమో గానీ కేసు పోదు, నిషేధం నాలుగేళ్ల దాకా ఉంటుందని చెప్పారు. డబ్బా మీద రాయని సరుకు లోపల కలిసి ఉన్న కేసులు ఎన్నో ఉన్నాయట. నా గుండె జారిపోయింది. టీ విరామంలో బయటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. "ఆ డబ్బా ఫోటో పంపు. ముందువైపు కాదు, వెనకవైపు."

చివర్లో మూట్, అంటే కోర్టులోలా ఉత్తుత్తి వాదన. రెజ్లర్ వినేశ్ ఫోగట్ వ్యవహారం ఇచ్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో 50 కిలోల విభాగంలో ఫైనల్‌కి చేరి, మర్నాడు పొద్దున తూకంలో 100 గ్రాములు ఎక్కువుందని అనర్హురాలైంది. ఉమ్మడి రజతం ఇమ్మని క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టుకి వెళితే ఆగస్టు 14న కొట్టేశారు. నేను ఆమె తరఫున వాదించాను. ముందురోజు మూడు బౌట్లు సరైన బరువుతోనే గెలిచింది కాబట్టి ఆ గెలుపు పోకూడదన్నాను. అక్కడిదాకా బాగానే నడిచింది. ఆ ఊపులో "కేవలం 100 గ్రాములే కదా" అని నోరు జారాను. సార్ కళ్లద్దాలు తీసి, "ఇది బీఎంటీసీ బస్సులో సీటు కాదమ్మా, స్వల్ప అడ్జస్ట్ మాడి అనడానికి" అన్నారు. కన్నడలో కొంచెం సర్దుకోండి అని. ఓడిపోయాను. ఈ వారం ఒక్కటే అమ్మితే మళ్లీ డబ్బు కడతాను.

తిరిగినవి తక్కువే. గాంధీ బజార్ విద్యార్థి భవన్‌కి శుక్రవారం వెళ్లకండి, సెలవు. నేను వెళ్లాను. శనివారం మళ్లీ వెళ్లి ముప్పావుగంట నిలబడి మసాలా దోసె తిన్నాను. బయట కరకర, లోపల మెత్తన, నిలబడినందుకు బాధ లేదు. కబ్బన్ పార్క్ మెట్రో దగ్గర దిగి చిన్నస్వామి స్టేడియం చుట్టూ నడిచాం. 2025 జూన్ 4న ఆర్‌సీబీ ఐపీఎల్ విజయోత్సవానికి వచ్చినవాళ్లలో 11 మంది తొక్కిసలాటలో పోయింది ఈ గేట్ల దగ్గరే. క్లాసులో నిర్వాహకుల బాధ్యత మీద గంటసేపు గట్టిగా వాదించుకున్నవాళ్లం, అక్కడ ఎవరమూ నోరెత్తలేదు.

తమ్ముడు పంపిన ఫోటోలో బ్యాచ్ నంబరు అరిగిపోయి ఉంది. బిల్లు లేదు. జిమ్ అన్న ఇచ్చాడట. "సగం తాగేశానక్కా, ఇప్పుడెలా" అన్నాడు. ఆపెయ్యమన్నాను, రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఇంటికొచ్చి వంటింట్లోకి వెళ్లి చూస్తే ఆ డబ్బా అలమరలో కనిపించింది. ఒళ్లు మండి మూత తీశాను. కందిపప్పు.