ముందే చెబితే మహారాజ మర్యాదలు: జపాన్‌లో ఖరీదైన బసల గురించి

జపాన్ వెళ్ళొచ్చామని తెలిశాక అందరూ అడిగేది ఒకటే, "అంత డబ్బు పోసి ఆ హోటళ్ళలో దిగడం అవసరమా?" అని. మనకేం కావాలో చాలా ముందుగా కూర్చుని మెయిల్ రాసే ఓపిక ఉంటే పెట్టిన ప్రతి రూపాయీ దక్కుతుంది. అక్కడికి వెళ్ళాక చూసుకుందాంలే అనుకుంటే మాత్రం, ఎంత ఇచ్చినా, తల వంచి చాలా మర్యాదగా "కుదరదండీ" అంటారు. మన దగ్గర పెద్ద హోటల్లో మేనేజర్‌ని పిలిచి గట్టిగా అడిగితే ఏదో ఒకటి సర్దుతాడు. అక్కడ అప్పటికప్పుడు సర్దడం ఉండదు. ముందే తెలిస్తే మాత్రం మనం గుమ్మంలో అడుగు పెట్టేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి.

నవంబర్‌లో నేను, మావారు, మా అత్తయ్య వెళ్ళాం. అత్తయ్యకు డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా ముట్టని శాకాహారి. వీటికి తోడు ఎడమ ముంజేతి మీద చిన్నప్పుడెప్పుడో ఊళ్ళో పొడిపించుకున్న పచ్చబొట్టు. ఈ మూడూ జపాన్‌లో ఆలోచించుకోవాల్సిన సంగతులే. పచ్చబొట్టుతో ఏం సమస్య అంటారా, అక్కడికే వస్తాను.

టోక్యోలో చక్రవర్తి ప్రాసాదం కందకానికి దగ్గర్లో ఉన్న ఒక పెద్ద హోటల్లో దిగాం. గది టోక్యో లెక్కలో విశాలమైనదే. పరుపు, నిశ్శబ్దం, బాత్రూమ్ శుభ్రత, దేనికీ వంక పెట్టలేం. ఒక చిన్న విషయం చెప్పాలి. మావారి కళ్ళజోడు స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయింది. వెతికి వెతికి వదిలేసి బయటికి వెళ్ళిపోయాం. ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం వచ్చేసరికి టేబుల్ మీద తెల్లని గుడ్డ, దాని మీద చిన్న ప్లాస్టిక్ కవర్లో ఆవగింజంత స్క్రూ, పక్కన "ఇది మీదేమో" అని రాసిన చీటీ. గది ఊడ్చిన మనిషి దాన్ని తివాచీలోంచి ఏరి, చెత్తలో పడేయకుండా, ఇది కళ్ళజోడుదై ఉంటుందని ఊహించింది. అంత శ్రద్ధ నేనింకెక్కడా చూడలేదు.

అదే హోటల్లో మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర మాకు చుక్కెదురైంది. మనిషికి ఆరు వేల యెన్ల దాకా అయ్యే బఫే. అత్తయ్య తినదగినవి అందులో టోస్టు, పళ్ళు, పెరుగు మాత్రమే. మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్‌లో చేప రసం. అంటే ఎండబెట్టిన బోనిటో చేపను సన్నగా చెక్కి, కొంబు అనే సముద్రపు నాచుతో కలిపి కాచిన దాషీ. జపాన్ వంటలో చాలావాటికి అదే పునాది. చూడ్డానికి ఉత్త కూరగాయల కూరలా ఉన్నదాంట్లోనూ అది ఉంటుంది. రెండు కూరగాయలు ఉప్పేసి ఉడికించి ఇమ్మని అడిగాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళింది, ఇంకొకరు వచ్చారు, తర్వాత పెద్దాయన వచ్చి మా టేబుల్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని మరీ క్షమించమన్నాడు. మెనూలో లేనిది అప్పటికప్పుడు చేస్తే అందులో ఏం కలిసిందో తాము హామీ ఇవ్వలేమన్నాడు. అత్తయ్య టోస్టుతోనే సరిపెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. అంత డబ్బు తీసుకుని క్యారెట్ ఉడికించలేరా?

ఆ రోజే ఆవిడ ఏం తింటారో, ఏం తినరో వివరంగా ఇంగ్లీషులో టైప్ చేసి రిసెప్షన్‌లో ఇచ్చాను. మరుసటి పొద్దున మేం కూర్చోగానే అత్తయ్యకు విడిగా ట్రే వచ్చింది. ఆవిరి మీద ఉడికిన గుమ్మడి, చిలగడదుంప, టోఫు, తెల్లన్నం, పుట్టగొడుగులతో కాచిన చారు. పక్కనే చిన్న కార్డు: చేప లేదు, మాంసం లేదు, గుడ్డు లేదు. మేం అక్కడున్నన్నాళ్ళూ మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

అయినా నన్నడిగితే టోక్యోలో అంత ఖరీదైన హోటల్ అక్కర్లేదు. ఆ ఊళ్ళో పొద్దున బయటపడితే రాత్రికి గాని గదికి చేరం. మామూలు బిజినెస్ హోటల్లోనూ శుభ్రత అంతే ఉంటుంది, గదే చిన్నది. వైభవం కళ్ళతో చూడాలనుకుంటే ఓకురా హోటల్ లాబీకి వెళ్ళి కాసేపు కూర్చోండి. 1962లో కట్టిన పాత భవనాన్ని 2015లో పడగొట్టడం మొదలుపెడితే ప్రపంచం నలుమూలల నుంచి వద్దని గోల చేశారు. 2019లో కొత్త భవనం తెరిచినప్పుడు పాత లాబీని మళ్ళీ అలాగే నిలబెట్టారు. అప్పట్లో తండ్రి యోషిరో తనిగుచ్చి గీసిన దాన్ని ఇప్పుడు కొడుకు యోషియో తనిగుచ్చి తిరిగి కట్టించాడు. పైనుంచి వేలాడే పూసల గొలుసుల్లాంటి దీపాలు, పూల రేకుల్లా చుట్టూ కుర్చీలు వేసిన బల్లలు చాలా బాగున్నాయి.

మీ డబ్బంతా హకోనేకి, అంటే టోక్యోకి దగ్గర్లో వేడినీటి బుగ్గలున్న కొండ ఊరికి, దాచుకోండి. పెద్ద పెట్టెల్ని టోక్యో హోటల్లోనే కొరియర్ వాళ్ళకి అప్పగించి నేరుగా క్యోటోకి పంపేశాం. యమతో కంపెనీ 1976లో మొదలుపెట్టిన ఈ ఇంటింటి పార్సిల్ సర్వీసు అక్కడ ఎంత మామూలంటే హోటల్ వాళ్ళే ఫారం నింపి పెడతారు. పెద్దవాళ్ళతో ప్రయాణం చేసేవారికి ఇంతకంటే మేలైన సౌకర్యం లేదు. షింజుకు నుంచి రొమాన్స్‌కార్ రైలు గంటన్నరలోపే హకోనే-యుమోతో చేరుస్తుంది. అక్కడి నుంచి గోరాకి ఎక్కే కొండ రైలు 1919 నాటిది. ఏటవాలు ఎక్కువ కాబట్టి మధ్యలో మూడు చోట్ల ఆగి, వెనక్కి తిరిగి, జిగ్‌జాగ్‌గా ఎక్కుతుంది. ఆగిన ప్రతిసారీ డ్రైవరు, కండక్టరు ప్లాట్‌ఫాం మీద నడిచి ఈ చివరివాళ్ళు ఆ చివరికి మారతారు. కిటికీ పక్కన ఎర్రబడిన మేపుల్ చెట్లు. అత్తయ్య కిటికీ వదల్లేదు.

మా ర్యోకాన్, అంటే పాత పద్ధతి జపాన్ సత్రం లాంటిది కానీ ధరలో మాత్రం స్టార్ హోటల్, గోరాకి కొంచెం పైన ఉంది. అక్కడ లెక్క గదికి కాదు, మనిషికి. రాత్రి భోజనం, పొద్దుటి టిఫిన్ కలిపి మనిషికి 60 వేల యెన్లు. యెన్ 60 పైసలనుకుంటే దాదాపు 36 వేల రూపాయలు. ఇది కాక వేడినీటి స్నానానికి తలకి 150 యెన్ల పన్ను. టిప్పు మాత్రం ఎవరికీ ఇవ్వక్కర్లేదు.

బుక్ చేసిన రోజే అత్తయ్య సంగతులన్నీ రాశాను. వాళ్ళు తిరిగి అడిగిన ప్రశ్నలు చూసి ఆశ్చర్యపోయాను. ఉల్లి, వెల్లుల్లి తింటారా? సాకే, అంటే బియ్యపు మద్యం, కలిపిన సాస్ పర్లేదా? కింద కూర్చోవడం కష్టమా, లేవడం కష్టమా? పచ్చబొట్టు ఎంత పొడవు, ఎంత వెడల్పు? జపాన్‌లో పచ్చబొట్లంటే యకుజా అనే నేర ముఠాలవాళ్ళే గుర్తొస్తారు. అందుకని చాలా స్నానశాలల్లో ఒంటి మీద బొమ్మ ఉంటే రానివ్వరు. 2015లో అక్కడి పర్యాటక శాఖ సర్వే చేస్తే సగానికి పైగా చోట్ల ఇదే పద్ధతి అని తేలింది. స్టిక్కరుతో కప్పుకుంటే పెద్ద స్నానశాలకు రావచ్చని మాకు జవాబిచ్చారు.

ఇంత రాసుకున్నాక కూడా, దిగగానే కౌంటర్ దగ్గర కుర్రాడు అత్తయ్యను చేయి చూపించమన్నాడు. నలుగురూ చూస్తుండగా. పొడవు చూసి, లోపలికి వెళ్ళి ఎవరినో అడిగి, మళ్ళీ వచ్చి మళ్ళీ చూశాడు. ఆవిడ కొంగు లాక్కుని చేయి కప్పేసుకున్నారు. "నేనేమన్నా దొంగనా అమ్మాయ్?" అన్నారు నాతో మెల్లగా. మావారికి కోపం వచ్చింది, కానీ అక్కడ గొంతు పెంచితే పని జరగదు. నేనే వాళ్ళ మెయిల్ తీసి చూపించాను. అతను చాలాసార్లు వంగి క్షమాపణ చెప్పాడు. ఆ తర్వాత మాకు కేటాయించిన పరిచారిక, అక్కడ నకాయి-సాన్ అంటారు, గదికి వచ్చి జరిగింది తన కళ్ళతో చూశానని, చాలా బాధపడ్డానని చెప్పి, కుటుంబానికి విడిగా ఇచ్చే స్నానపు గదిని డబ్బు తీసుకోకుండా మా పేర రాయించింది. ఆవిడ మంచితనం నిజమే. కానీ ఆ కౌంటర్ దగ్గరి నిమిషాలు ఆవిడ అలా దిద్దినంత మాత్రాన పోవు. ముందే తెలిసిన విషయాన్ని ఒక పెద్దావిడ దగ్గర లాబీలో నిలబెట్టి తేల్చుకోకూడదు.

గది మాత్రం మనసు నింపింది. గడ్డి వాసన వచ్చే తతామి చాపలు, కాగితపు తలుపులు, గోడలో కొంచెం ఎత్తుగా కట్టిన గూడు, అందులో వేలాడే చిత్రం, ఒక్క కొమ్మ. ఆ గూట్లో బ్యాగులు పెట్టకూడదు. అత్తయ్యకు నేల మీద పరుపు కాకుండా తక్కువ ఎత్తు మంచం, భోజనానికి బల్ల, కుర్చీ వేసి ఉంచారు. మాకు మేం భోజనానికి వెళ్ళొచ్చేలోగా నేల మీద పరుపులు పరిచేశారు. రాగానే టీతో పాటు చిన్న తియ్యని బిళ్ళ ఇచ్చారు. ఖాళీ కడుపుతో వేడినీళ్ళలోకి దిగితే కళ్ళు తిరుగుతాయని అది తినిపిస్తారట.

ఓవాకుదాని గంధకపు లోయ నుంచి గొట్టాల్లో తెచ్చే నీళ్ళు పాలలా తెల్లగా ఉంటాయి. నా కాళ్ళకున్న వెండి మెట్టెలు చూసి నకాయి-సాన్ ఆగింది. ఈ నీళ్ళు తగిలితే వెండి నల్లబడుతుందని, తీసి పెట్టుకోమని చిన్న చెక్క పెట్టె ఇచ్చింది. తీయడానికి నాకు మనసొప్పలేదు. అన్నట్టే నల్లబడ్డాయి. ఇంటికొచ్చాక విభూతితో తోమితే తెల్లబడ్డాయి. బయటి పెద్ద స్నానశాలలో ఒంటి మీద నూలుపోగు లేకుండా దిగాలి, దిగే ముందు సబ్బుతో శుభ్రంగా కడుక్కోవాలి. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ వేరువేరు. అత్తయ్య అటు రానన్నారు. విడిగా ఇచ్చిన గదిలో హినోకి చెక్క తొట్టి, పక్కనే వెదురు తడక, పైన చల్లగాలి. పట్టుకుని దిగడానికి కమ్మీ, దిగే చోట జారని చాప ఉన్నాయి. మెడ దాకా మునిగి, కళ్ళు మూసుకుని, "మోకాళ్ళు నావి కానట్టున్నాయే" అన్నారు. నీళ్ళు 41, 42 డిగ్రీలుంటాయి. బీపీ ఉన్నవాళ్ళు ఐదేసి నిమిషాలు ఉండి లేవడం మంచిది. గదికే విడిగా స్నానపు తొట్టి ఉందని ఎక్కువ డబ్బు కట్టేవాళ్ళు అందులో వచ్చేవి వేడినీటి బుగ్గ నీళ్ళా, మామూలు కుళాయి నీళ్ళు కాచినవా అని అడిగి మరీ కట్టండి. అన్ని చోట్లా బుగ్గ నీళ్ళు కావు.

భోజనం ఆరింటికి. ఏడున్నరకి మార్చమని మావారు అడిగితే కుదరదన్నారు. ఒకదాని తర్వాత ఒకటి దాదాపు రెండు గంటలు వడ్డించారు. అత్తయ్య పళ్ళేలు మా వాటికి ఏమాత్రం తీసిపోలేదు. మాకు పచ్చి చేప వచ్చినప్పుడు ఆవిడకు యుబా, అంటే సోయా పాల మీగడ పొరలు. మాకు కాల్చిన చేప వస్తే ఆవిడకు మిసో పూసి కాల్చిన వంకాయ. నువ్వులతో చేసిన టోఫు ఆవిడకు బాగా నచ్చింది. మిగతావి మాత్రం, ఎంత అందంగా ఉన్నా, మన నాలుకకు చప్పనే. చివర్లో చెస్ట్‌నట్లు వేసి మట్టికుండలో వండిన అన్నం రాగానే అత్తయ్య సంచీలోంచి కందిపొడి తీశారు. నకాయి-సాన్ అదేమిటని అడిగి, ఒక్క క్షణంలో దానికి తగ్గ బుల్లి గిన్నె, చెంచా తెచ్చి పెట్టింది. ఇంకొకరైతే మొహం చిట్లించేవారు.

పొద్దున వాన. పైనున్న ఆ గంధకపు లోయలో గ్యాస్ ఎక్కువగా ఉందని దాని మీదుగా వెళ్ళే రోప్‌వే ఆపేశారు. అది తరచూ జరిగేదే, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయకండి. గది మధ్యాహ్నం దాకా ఉంచుకుంటామంటే, డబ్బు ఇస్తామన్నా ఒప్పుకోలేదు. పదకొండుకి ఖాళీ చేయాల్సిందే. లాంజ్‌లో కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గొడుగులు పట్టి వ్యాన్ ఎక్కించారు.

పిల్లలున్న కుటుంబాలకి ఇలాంటి చోటు నేను చెప్పను. నిశ్శబ్దం, వేళలు, కాగితపు తలుపులు వాళ్ళనీ మిమ్మల్నీ ఇబ్బంది పెడతాయి. అమ్మానాన్నల్ని తీసుకెళ్ళేవాళ్ళు ఒక్క రాత్రి తప్పకుండా ఉండండి. రెండో రాత్రికి అదే వేళ, అదే వరస భోజనం, అంత ధర అనవసరం. శనివారాలు, ఆకులు ఎర్రబడే వారాలు రేట్లు బాగా పెరుగుతాయి కాబట్టి వారం మధ్యలో చూసుకోండి. మెయిల్ రాసేటప్పుడు "వెజిటేరియన్" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకండి. చేప రసం వద్దు, బోనిటో వద్దు, గుడ్డు వద్దు, కొంబు నాచుతోనో పుట్టగొడుగులతోనో కాచిన దాషీ అయితే పర్లేదు అని విడివిడిగా రాయండి. పచ్చబొట్టుంటే కొలతతో పాటు ఫోటో పంపండి. దిగేటప్పుడు లాబీలో చూపించమని అడగొద్దని కూడా అందులోనే రాయండి.