ఇంట్యూన్ సూట్ ఇ3, ఇ5ల్లో కలిశాక: ఏది వెంటనే ఆన్ చేయాలి, దేనికి ఆగాలి

కంపెనీ కంప్యూటర్లనీ ఫోన్లనీ ఒకేచోటి నుంచి నడిపే మైక్రోసాఫ్ట్ సర్వీస్ ఇంట్యూన్. దాని అదనపు టూల్స్ కట్ట అయిన ఇంట్యూన్ సూట్ 2023 మార్చిలో వచ్చినప్పటి నుంచీ అడ్మిన్లలో ఒకటే సణుగుడు. మైక్రోసాఫ్ట్ 365 లైసెన్సుల్లో ఇ3 కంటే పై రకమైన ఇ5కి యూజర్‌కి నెలకు 57 డాలర్లు కడుతున్నాక, హెల్ప్‌డెస్క్ నుంచి యూజర్ స్క్రీన్ చూడటానికి మళ్లీ విడిగా కట్టడమేమిటని. సూట్ యాడ్-ఆన్ ధర యూజర్‌కి నెలకు 10 డాలర్లు. ముక్కలుగా కొంటే రిమోట్ హెల్ప్ 3.50, అడ్వాన్స్‌డ్ అనలిటిక్స్ 5, ఎండ్‌పాయింట్ ప్రివిలేజ్ మేనేజ్‌మెంట్ (ఈపీఎం) 3, ఎంటర్‌ప్రైజ్ యాప్ మేనేజ్‌మెంట్ 2, క్లౌడ్ పీకేఐ 2, ఇంట్యూన్ ప్లాన్ 2 అనే ముక్కకి 4 (ఏది ఏం చేస్తుందో కింద చూద్దాం). ఇవన్నీ అమెరికా లిస్ట్ ధరలు. మన దగ్గర పార్ట్‌నర్ ఇచ్చే కొటేషన్ వేరుగా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్టీ.

2025 డిసెంబరు ప్రకటనతో ఈ గొడవ సగం తీరింది. మైక్రోసాఫ్ట్ 365 ఇ3లోకి రిమోట్ హెల్ప్, అడ్వాన్స్‌డ్ అనలిటిక్స్, ప్లాన్ 2 వస్తున్నాయి. ఇ5కి ఈ మూడింటితో పాటు ఈపీఎం, ఎంటర్‌ప్రైజ్ యాప్ మేనేజ్‌మెంట్, క్లౌడ్ పీకేఐ. బదులుగా 2026 జూలై 1 నుంచి ఇ3 ధర 36 నుంచి 39కి, ఇ5 ధర 57 నుంచి 60కి. రెండింటికీ మధ్య తేడా మునుపటిలాగే 21 డాలర్లు.

ఇ5 వాళ్లకి ఇది మంచి బేరం, అందులో వాదన లేదు. సూట్ కూడా కొని వాడుతున్నవాళ్లకి 67 డాలర్ల బిల్లు 60కి దిగుతుంది. ఇ3 దగ్గరే చిక్కు. చేరిన మూడింటినీ విడిగా కొంటే 12.50 అవుతుంది, పెంచింది 3 మాత్రమే, కాగితం మీద లాభమే. కానీ సూట్ మొత్తంలో డబ్బుకి తగిన పని చేసేది నా లెక్కలో ఈపీఎం, అది ఇ3లోకి రాలేదు. ఇ3 మీదే ఉండి మిగిలిన మూడూ కావాలంటే 3, 2, 2 కలిపి 7 డాలర్లు. కాబట్టి ఆ 7 డాలర్ల సరుకు కోసమే 21 డాలర్లు ఎక్కువ పెట్టి ఇ5కి మారడం దండగ. ఇ5లోని డిఫెండర్ (దాడుల నుంచి రక్షణ), పర్వ్యూ (డేటా రక్షణ) నిజంగా వాడేట్టయితేనే మారాలి.

ఇక ఒక్కొక్కటీ వాడితే ఎలా ఉంటుందో చూద్దాం.

ఈపీఎం చేసే పని ఒక్క మాటలో చెప్పొచ్చు: యూజర్ దగ్గర లోకల్ అడ్మిన్ హక్కు (తన మెషీన్‌లో ఏదైనా మార్చగల హక్కు) తీసేసి, మనం ఒప్పుకున్న ఫైళ్లు మాత్రం అడ్మిన్‌గా నడిచేలా చూడటం. అలా అడ్మిన్ హక్కుతో నడపడాన్నే ఎలివేషన్ అంటారు. పాలసీలు రెండు రకాలు. ఎలివేషన్ సెట్టింగ్స్ పాలసీ మెషీన్‌లో ఉండే ఈపీఎం ఏజెంట్ అనే ప్రోగ్రామ్‌ని ఆన్ చేసి, రూల్ లేని ఫైల్ వస్తే ఏం చేయాలో చెబుతుంది. ఎలివేషన్ రూల్స్ పాలసీలో ఏ ఫైల్‌కి ఏ పద్ధతో రాస్తాం: దానంతట అదే ఎలివేట్ కావడం, యూజర్ కారణం రాసి ఒప్పుకోవడం, సపోర్ట్ టీమ్ ఆమోదించడం, లేదా అసలు కుదరదనడం.

చాలామంది మొదటి రోజే అడ్మిన్ హక్కులు పీకేస్తారు. అలా చేయొద్దు. ముందు సెట్టింగ్స్ పాలసీ ఒక్కటే ఇచ్చి, రిపోర్టింగ్‌లో ఎండ్‌పాయింట్‌లో జరిగే ఎలివేషన్లన్నీ పంపేలా పెట్టండి. ఎవరు ఏ ఫైల్‌ని అడ్మిన్‌గా నడుపుతున్నారో జాబితా తయారవుతుంది. రిపోర్ట్‌లోకి డేటా చేరడానికి 24 గంటల దాకా పడుతుంది, పొద్దున పెట్టి సాయంత్రానికి ఏమీ రాలేదని కంగారు పడనక్కర్లేదు. కనీసం ఒక నెలాఖరు, ఒక జీఎస్టీ రిటర్న్ గడువు దాటేదాకా ఈ స్థితిలో ఉంచాలి. అకౌంట్స్ వాళ్ల డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ డ్రైవర్, ట్యాలీ అప్‌డేట్ లాంటివి బయటపడేది అప్పుడే.

రూల్ రాసేటప్పుడు ఫైల్ హ్యాష్ (ఆ ఫైల్‌కే ప్రత్యేకమైన గుర్తు) ఇస్తే భద్రంగా ఉంటుంది కానీ, ఆ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అయిన రోజే రూల్ చచ్చిపోతుంది. పబ్లిషర్ సర్టిఫికెట్ ఒక్కటే ఇచ్చి ఆటోమేటిక్ అంటే ఆ కంపెనీ సంతకం ఉన్న ప్రతి ఫైలూ అడ్మిన్‌గా నడుస్తుంది. సర్టిఫికెట్, ఫైల్ పేరు, ప్రొడక్ట్ పేరు, కనీస వెర్షన్, ఈ నాలుగూ కలిపి రాస్తే రూల్ అప్‌డేట్లకి తట్టుకుంటుంది, తలుపులు బార్లా తెరిచినట్టూ ఉండదు. చైల్డ్ ప్రాసెస్ సెట్టింగ్‌ని అందరూ దాటేస్తారు. ఇన్‌స్టాలర్ తన లోపలి నుంచి ఇంకో ఎక్స్ఈని పిలిచే రకమైతే చైల్డ్ ప్రాసెస్‌కి అనుమతి ఉండాలి, లేకపోతే సగంలో ఆగిపోయి అర్థం కాని ఎర్రర్ ఇస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌కీ పవర్‌షెల్‌కీ మాత్రం ఆ అనుమతి ఎప్పుడూ ఇవ్వకండి. ఇస్తే అడ్మిన్ హక్కు తీసేసి ప్రయోజనమే లేదు.

ఎక్కువ టికెట్లు తెచ్చేది వర్చువల్ అకౌంట్. ఎలివేట్ అయిన ప్రాసెస్ మామూలుగా యూజర్ ప్రొఫైల్‌లో నడవదు, ఈపీఎం సృష్టించిన వేరే అకౌంట్‌లో నడుస్తుంది. భద్రతకి అది మంచిదే. అయితే యూజర్ మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవ్ ఆ ప్రాసెస్‌కి కనబడదు. యూజర్ రిజిస్ట్రీలోనో యాప్‌డేటాలోనో సెట్టింగ్స్ రాసే ఇన్‌స్టాలర్ అవన్నీ ఆ వేరే అకౌంట్‌లో రాసి, పని అయిపోయిందని చెబుతుంది. యూజర్ తెరిస్తే ఏమీ ఉండదు. ఇలాంటి యాప్‌ల కోసం యూజర్ అకౌంట్‌తోనే ఎలివేట్ చేసే పద్ధతిని తర్వాత చేర్చారు. దాన్ని వాడితే ఆ విడదీత పోతుంది కాబట్టి, తప్పనిసరి అయిన ఒకటి రెండు యాప్‌లకే పరిమితం చేయడం మేలు.

యూజర్లకి నేర్పాల్సింది ఒక్కటే. కుడి క్లిక్‌లో పాత ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ కాదు, ‘రన్ విత్ ఎలివేటెడ్ యాక్సెస్’ నొక్కాలి. పాతది నొక్కితే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది, ఫోన్ మోగుతుంది. ఇంకో పరిమితి: ఇది ఎక్స్ఈ, ఎంఎస్ఐ, పీఎస్1 లాంటి ఫైళ్లకి పనిచేసే వ్యవహారం. నెట్‌వర్క్ కార్డ్‌కి ఐపీ మార్చడం, సెట్టింగ్స్‌లోంచి ప్రోగ్రామ్ తీసేయడం లాంటి వాటికి క్లిక్ చేయడానికి ఫైలే ఉండదు. వాటికి వేరే దారి ముందే ఆలోచించుకోవాలి.

కొన్ని మెషీన్లలో ఏమీ కదలకపోతే మొదట ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ‘మైక్రోసాఫ్ట్ ఈపీఎం ఏజెంట్’ ఫోల్డర్ ఉందో లేదో చూడండి. లేకపోతే లైసెన్స్ చూడండి, తర్వాత ఫైర్‌వాల్ చూడండి. ఈపీఎం వాడే మైక్రోసాఫ్ట్ అడ్రస్‌ల మీద ఎస్ఎస్ఎల్ ఇన్‌స్పెక్షన్ (గుప్తంగా వెళ్లే ట్రాఫిక్‌ని మధ్యలో తెరిచి చూడటం) ఉంటే పనిచేయదు, మినహాయింపు ఇవ్వాల్సిందే. మెషీన్ ఎంట్రా (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ) జాయిన్డ్ లేదా హైబ్రిడ్ జాయిన్డ్ (ఆఫీసులోని యాక్టివ్ డైరెక్టరీలోనూ ఉన్నది) అయి ఉండాలి. ఉత్త రిజిస్టర్డ్ మెషీన్లకి రాదు.

క్లౌడ్ పీకేఐ రెండోది, డివైస్‌లకి డిజిటల్ సర్టిఫికెట్లు ఇచ్చే వ్యవస్థని క్లౌడ్‌లో నడిపేది. వై-ఫైకీ వీపీఎన్‌కీ సర్టిఫికెట్లు ఇవ్వడానికి ఎన్‌డీఈఎస్ సర్వర్ (సొంత సర్టిఫికెట్ సర్వర్ నుంచి డివైస్‌లకి సర్టిఫికెట్ తెచ్చిపెట్టేది), కనెక్టర్, దాన్ని బయటికి చూపే ప్రాక్సీ నడిపినవాళ్లకి దీని విలువ వెంటనే తెలుస్తుంది. అవన్నీ పోతాయి. రూట్, ఇష్యూయింగ్ సీఏలు (సర్టిఫికెట్లకి మూలమైనది, వాటిని జారీ చేసేది) కొద్ది నిమిషాల్లో తయారవుతాయి. ఆ వేగమే ప్రమాదం, ఎందుకంటే సీఏ చేశాక కీ సైజు, ఈకేయూ (సర్టిఫికెట్‌ని దేనికి వాడొచ్చో చెప్పేది) వంటివి మార్చలేం. ఇష్యూయింగ్ సీఏకి ఇచ్చే ఈకేయూలు రూట్‌లో ఉన్నవాటిలోంచే రావాలి. రూట్ చేసేటప్పుడు క్లయింట్ అథెంటికేషన్ ఒక్కటే టిక్ చేసి, ఆరు నెలలకి ఇంకో అవసరం వస్తే కొత్త రూట్ తప్పదు. ఒక టెనెంట్‌కి (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఒక సంస్థ ఖాతాకి) ఆరు సీఏలే పరిమితి అన్నది గుర్తుంచుకుని ముందు కాగితం మీద గీసుకోండి. ఇంకా ముఖ్యమైంది: ట్రయల్ లైసెన్స్‌లో చేసిన సీఏ కీలు హెచ్ఎస్ఎం అనే కీలు దాచే ప్రత్యేక హార్డ్‌వేర్‌లో ఉండవు, సాఫ్ట్‌వేర్ కీలే. లైసెన్స్ కొన్నాక వాటిని హెచ్ఎస్ఎంలోకి మార్చే వీలు లేదు. ట్రయల్‌లో చేసినదాన్ని ప్రొడక్షన్‌లోకి జరపకండి.

ఇది సర్టిఫికెట్ ఇచ్చేది ఇంట్యూన్‌లో చేరిన డివైస్‌లకే. వై-ఫై, వీపీఎన్‌లోకి ఎవరిని రానివ్వాలో చూసే రేడియస్ సర్వర్ సర్టిఫికెట్ వేరేచోట నుంచి తెచ్చుకోవాలి, దాని రూట్‌ని డివైస్‌లకీ, క్లౌడ్ పీకేఐ రూట్, ఇష్యూయింగ్ సీఏలని రేడియస్‌కీ పంపాలి. విండోస్ సర్వర్‌తో వచ్చే రేడియస్ అయిన ఎన్‌పీఎస్ వాడేవాళ్లకి అసలు దెబ్బ ఇక్కడ తగులుతుంది. ఎన్‌పీఎస్ ప్రతి సర్టిఫికెట్‌కీ యాక్టివ్ డైరెక్టరీలో ఒక ఆబ్జెక్ట్ వెతుకుతుంది. ఎంట్రా జాయిన్ మాత్రమే అయిన ల్యాప్‌టాప్‌కి అక్కడ కంప్యూటర్ ఆబ్జెక్ట్ ఉండదు. చెయిన్ అంతా సరిగ్గా ఉన్నా లాగ్‌లో లోపలికి రానివ్వలేదని చెప్పే 6273 ఈవెంట్, రీజన్ కోడ్ 16 కనబడుతుంది. డివైస్ సర్టిఫికెట్ బదులు యూజర్ సర్టిఫికెట్ ఇచ్చి, ఎస్‌సీఈపీ ప్రొఫైల్‌లో (సర్టిఫికెట్ తెప్పించే సెట్టింగ్‌లో) యూఆర్ఐ రకం శాన్‌గా (సర్టిఫికెట్‌లో అదనపు పేరుగా) ఆన్-ప్రెమిసెస్ సెక్యూరిటీ ఐడెంటిఫయర్ చేర్చితే, యాక్టివ్ డైరెక్టరీ నుంచి ఎంట్రాకి సింక్ అయిన యూజర్లకి దారి దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ కేబీ5014754తో వచ్చిన బలమైన మ్యాపింగ్ నిబంధనకి (సర్టిఫికెట్‌ని దాని అకౌంట్‌తో గట్టిగా ముడిపెట్టాలన్నదానికి) అది ఎలాగూ కావాలి. కుదరకపోతే ఎన్‌పీఎస్‌ని వదిలి వేరే రేడియస్ చూసుకోవడమే.

సర్టిఫికెట్ రద్దయిందో లేదో అప్పటికప్పుడు అడిగే ఓసీఎస్‌పీ ఇందులో లేదు, రద్దయినవాటి జాబితా అయిన సీఆర్ఎల్ మాత్రమే. దాని గడువు 7 రోజులు, కొత్తది 3.5 రోజులకోసారి వస్తుంది. ల్యాప్‌టాప్ పోయిందని సర్టిఫికెట్ రివోక్ చేసినంత మాత్రాన ఆ క్షణమే వై-ఫై ఆగదు. రేడియస్‌లో ఆ డివైస్‌ని విడిగా ఆపాలి.

యూజర్ స్క్రీన్‌ని దూరం నుంచి చూసి సాయం చేసే రిమోట్ హెల్ప్‌కి ఇన్నాళ్లూ ఉన్న పెద్ద ఇబ్బంది లైసెన్సే. సాయం చేసేవాళ్లకీ అందుకునేవాళ్లకీ ఇద్దరికీ కావాలి. ఇ3లో కలవడంతో ఆ బాధ పోయింది. టెనెంట్‌లో ఇది మొదట ఆఫ్‌లో ఉంటుంది, టెనెంట్ అడ్మినిస్ట్రేషన్ కింద ఆన్ చేయాలి. యాప్‌ని విన్32గా (మామూలు విండోస్ ప్రోగ్రామ్‌గా) పంపుకోవాలి, మెషీన్‌లో వెబ్‌వ్యూ2 (వెబ్ పేజీలు చూపే భాగం) ఉండాలి. విండోస్‌లో యూజర్ ఎదురుగా ఉండి ఒప్పుకుంటేనే సెషన్ నడుస్తుంది. కాబట్టి రాత్రిపూట ఎవరూ లేని మెషీన్లలోకి వెళ్లడానికి ఇప్పుడు వేరే టూల్ వాడుతుంటే దాన్ని రద్దు చేసేయకండి. సాయం చేసేవాళ్లు ఎలివేషన్ వాడాక సెషన్ ముగిస్తే యూజర్ సైన్ అవుట్ అవుతారు. సేవ్ చేయని ఎక్సెల్ ఉంటే పోతుంది, ముందే చెప్పాలి. ఎవరు ఎవరికి ఎంతసేపు సాయం చేశారన్నది రిపోర్ట్‌లో ఉంటుంది కానీ ఆ సెషన్‌లో ఏం చేశారన్న రికార్డింగ్ ఉండదు. ఆడిట్ వాళ్లు అడిగేది అదే.

అడ్వాన్స్‌డ్ అనలిటిక్స్‌లో రోజూ పనికొచ్చేది డివైస్ క్వెరీ. ఒక మెషీన్‌ని తెరిచి కెక్యూఎల్ అనే క్వెరీ భాషలో అడిగితే రిజిస్ట్రీ విలువ, సర్వీస్ స్థితి, ఏయే లోకల్ అకౌంట్లు ఉన్నాయో అప్పటికప్పుడు తెలుస్తుంది, యూజర్‌ని కదిలించకుండానే. మెషీన్ ఆన్‌లైన్‌లో ఉండాలి, కంపెనీ సొంతమై ఉండాలి. అన్ని మెషీన్లనీ ఒకేసారి అడగాలంటే ముందు ప్రాపర్టీస్ కేటలాగ్ పాలసీ ఇవ్వాలి. అది రోజుకోసారి పోగుచేసిన డేటా, ఈ క్షణానిది కాదు.  బ్యాటరీ రిపోర్ట్ కొనుగోలు విభాగానికి పంపడానికి బాగుంటుంది. అనామలీల (మామూలుకి భిన్నంగా ఏదైనా జరిగితే వచ్చే హెచ్చరికల) గోల చిన్న సంస్థలకి అక్కర్లేదు.

ప్లాన్ 2 గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. గోదాముల్లో జీబ్రా స్కానర్లు, వీఆర్ హెడ్‌సెట్లు ఉన్నవాళ్లకీ, ఎన్‌రోల్ చేయని ఫోన్లలో యాప్ వరకే టన్నెల్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వీపీఎన్ దారి) కావాల్సినవాళ్లకీ పనికొస్తుంది. ఆ టన్నెల్‌కి లినక్స్ సర్వర్ మనమే నడపాలి.

యాప్ మేనేజ్‌మెంట్ కేటలాగ్‌లో ఉన్న యాప్‌కి ప్యాకింగ్, డిటెక్షన్ రూల్ (మెషీన్‌లో యాప్ ఉందో లేదో చూసేది) రాసే పని తప్పుతుంది. గైడెడ్ అప్‌డేట్‌లో కొత్త వెర్షన్ వేరే యాప్‌గా తయారై, పాతదాన్ని సూపర్‌సీడ్ చేస్తుంది, అంటే దాని స్థానంలోకి వస్తుంది. అసైన్‌మెంట్లు (యాప్ ఎవరెవరికి వెళ్లాలన్నది) సరిచూడకుండా వదిలితే కొత్తది ఎవరికీ చేరదు. సొంతంగా రాయించుకున్న సాఫ్ట్‌వేర్‌కి పాత ప్యాకింగే గతి.

చిన్న సంస్థల లైసెన్స్ అయిన బిజినెస్ ప్రీమియం మీదున్న 300 మంది లోపు సంస్థలకి ధర 22 డాలర్ల దగ్గరే ఉంది, ఈ సూట్ ముక్కలేవీ రాలేదు. ఈపీఎం ఒక్కటే కొనుక్కుంటే చాలు.

ఇప్పటికే సూట్ కొన్నవాళ్లు రెన్యూవల్ తేదీలు పక్కపక్కన పెట్టుకుని చూడాలి. పార్ట్‌నర్ ద్వారా కొన్న వార్షిక సబ్‌స్క్రిప్షన్‌ని మొదటి 7 రోజులు దాటాక రద్దు చేయలేరు, సీట్లూ తగ్గించలేరు. ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కడుతుంటే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం అదనం కూడా ఉంది. సూట్ ఆటో రెన్యూ ఇప్పుడే ఆఫ్ చేసి పెట్టండి. లైసెన్స్ తీసే ముందు మాత్రం ఇ5 గ్రూప్‌లో ఈపీఎం, పీకేఐ సర్వీస్ ప్లాన్లకి టిక్ ఉందో లేదో చూడాలి. గ్రూప్ ద్వారా ఇచ్చేటప్పుడు కొన్ని టిక్‌లు తీసేసే అలవాటు చాలా టెనెంట్లలో ఉంది. ఆ టిక్ లేకుండా సూట్ తీసేస్తే ఈపీఎంకి లైసెన్సే ఉండదు, అప్పటికి యూజర్ దగ్గర అడ్మిన్ హక్కూ ఉండదు.