ఈజిప్టు పాఠం కోసమైనా ఈ కోర్సు చూడండి

హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెబుతాను. పారిశ్రామిక విప్లవం, సామ్రాజ్యవాదం, జాతీయవాదం మా పుస్తకంలో మూడు వేర్వేరు పాఠాలు. పిల్లలు కూడా వాటిని ఒకదానితో ఒకటి సంబంధం లేని సంగతుల్లాగే గుర్తుపెట్టుకుంటారు. ఏళ్ల తరబడి నన్ను బాధపెడుతున్న విషయం ఇది. ఈ మూడింటినీ కలిపి చెప్పే పన్నెండు పాఠాల వీడియో కోర్సు ఆన్‌లైన్‌లో కనిపించగానే కొనేశాను. సెలవుల్లో మొత్తం చూశాను.

మొదటి నాలుగు పాఠాల్లో నూలు వడికే యంత్రం స్పిన్నింగ్ జెన్నీ, ఆవిరి యంత్రం, 1830 నాటి లివర్‌పూల్-మాంచెస్టర్ రైలు వగైరా ఉన్నాయి. బాగానే చెప్పారు కానీ, కొత్త సంగతులేమీ లేవు.

ఐదో పాఠం మాత్రం రెండుసార్లు చూశాను. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ బట్టల మిల్లులకు వెళ్లే పత్తిలో ఎక్కువ భాగం అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో బానిసలు పండించిందే. 1861లో అక్కడ అంతర్యుద్ధం మొదలైంది, రేవులు దిగ్బంధంలో పడ్డాయి, పత్తి రాక ఆగిపోయింది. ఇటు ఈజిప్టు పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. ఆ రాబడిని నమ్ముకుని ఈజిప్టు పాలకుడు ఇస్మాయిల్ రైలు మార్గాలకీ, కాలువలకీ, భవనాలకీ యూరప్‌లో అప్పుల మీద అప్పులు చేశాడు. 1865లో యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది, అప్పులు మిగిలాయి. 1875లో సూయజ్ కాలువలో తన వాటాలను బ్రిటన్‌కి అమ్ముకున్నాడు. మరుసటి ఏడాది ఖజానా దివాలా తీసింది, లెక్కలు చూడటానికి బ్రిటన్, ఫ్రాన్స్ అధికారులు వచ్చి కూర్చున్నారు. అది సహించలేక ‘ఈజిప్టు ఈజిప్టు వాళ్లదే’ అంటూ ఉరాబీ అనే సైనికాధికారి వెనక జనం కదిలారు. 1882లో బ్రిటిష్ సైన్యం దిగి వాళ్లను అణిచేసింది.

మిల్లు, అప్పు, ఆక్రమణ, జాతీయవాదం అన్నీ ఒకే దారంలో వచ్చేశాయి. నేను ఇన్నాళ్లూ వెతుకుతున్నది ఇదే. అప్పు కథ దగ్గర టీచరు తొందరపడలేదు, బొమ్మలతో నెమ్మదిగా చెప్పారు.

ఆరో పాఠంతో నాకు పేచీ ఉంది. జర్మన్ రాజ్యాలు తమ మధ్య సుంకాలు ఎత్తేసుకున్న 1834 నాటి సుంకాల కూటమి గురించీ, ఎదిగే పరిశ్రమకు కొంతకాలం సుంకాల రక్షణ కావాలన్న జర్మన్ ఆర్థికవేత్త ఫ్రెడరిక్ లిస్ట్ వాదన గురించీ చక్కగా వివరించారు. కానీ బ్రిటన్ మొదటి నుంచీ స్వేచ్ఛా వాణిజ్యంతోనే ఎదిగినట్టు చెప్పారు. అది నిజం కాదు. 1700లో, మళ్లీ 1721లో చట్టాలు చేసి భారతదేశపు అద్దకం బట్టలను తన మార్కెట్లోకి రాకుండా అడ్డుకుంది బ్రిటనే. తన మిల్లులు బలపడ్డాక మాట మార్చింది. చివరికి 1896లో భారతదేశంలో తయారయ్యే మిల్లు బట్ట మీద మూడున్నర శాతం ఎక్సైజ్ సుంకం వేసింది, లాంకషైర్ బట్టకు పోటీ తగ్గాలని. స్వేచ్ఛా వాణిజ్యం గురించి చెబుతూ ఈ ముక్క వదిలేస్తే, స్వదేశీ ఉద్యమం ఎందుకు బట్టతో మొదలైందో పిల్లలకు ఎలా అర్థమవుతుంది?

ఆఫ్రికా పాఠంలో 1914 మ్యాప్ చూసి ఇంకా బాధ కలిగింది. ఇథియోపియాకు ఇటలీ రంగు వేశారు! 1896లో అడువా దగ్గర ఇటలీ సైన్యాన్ని ఓడించి స్వాతంత్ర్యం నిలుపుకున్న దేశం అది. దాన్ని వలసగా చూపించడం ఆ గెలుపును చెరిపేయడమే.

చివరి పాఠం మరీ హడావిడి. బ్రిటన్ సోషలిస్టు రాబర్ట్ ఓవెన్, మార్క్స్, 1928లో మొదలైన సోవియట్ మొదటి పంచవర్ష ప్రణాళిక, అన్నీ ఇరవై నిమిషాల్లో. పెట్టుబడిదారీ విధానానికీ ప్రణాళికకూ తేడా ఏమిటో మిల్లులో పనిచేసే మనిషి వైపు నుంచి చూపించి ఉంటే బాగుండేది. క్విజ్‌లో అన్నీ తేదీల ప్రశ్నలే, ‘ఎందుకు’ అన్నది ఒక్కటీ లేదు.

వీడియో నాణ్యత, సబ్‌టైటిల్స్ బాగున్నాయి. ఫోన్లో ఎక్కడా ఆగలేదు.

తప్పుల గురించి వాళ్లకు మెయిల్ రాశాను. వారంలో మ్యాప్ సరిచేశారు, అందుకు సంతోషం. బట్టల చట్టాల సంగతి మీద ఇంకా జవాబు లేదు. అప్పటిదాకా మా క్లాసులో ఆరో పాఠం వేసినప్పుడు అక్కడ వీడియో ఆపి, ఆ నాలుగు మాటలు నేనే చెప్పి మళ్లీ నడిపిస్తున్నాను.