మాంచెస్టర్‌లో రెండు అరేనాలు: స్టేషన్ పక్కది మేలా, స్టేడియం పక్కది మేలా?

చివరి పాట సగంలో ఉండగానే లేచి, ఎవరి మోకాళ్లకీ తగలకుండా వంగి వరుస దాటుకుంటూ బయటికి పోయేవాళ్లు ప్రతి కచేరీలోనూ ఉంటారు. పాట నచ్చక కాదు. లీడ్స్‌కో లివర్‌పూల్‌కో ఆఖరి రైలు తప్పిపోతుందని టెన్షన్. మాంచెస్టర్‌లోని రెండు అరేనాల్లో ఏది మేలని ఎవరైనా అడిగితే, స్టేజీ కంటే, సౌండ్ కంటే ముందు నాకు గుర్తొచ్చేది వీళ్లే.

ఇరవై వేలకు పైగా జనం పట్టే ఇండోర్ అరేనాలు ఒకే ఊళ్లో రెండుండటం యూరప్‌లో అరుదు. ఒకటి 1995 నాటి ఏఓ అరేనా. విక్టోరియా రైల్వే స్టేషన్‌ను ఆనుకునే ఉంటుంది. రెండోది 2024లో తెరిచిన కో-ఆప్ లైవ్. మాంచెస్టర్ సిటీ ఫుట్‌బాల్ జట్టు ఆడే ఎతిహాద్ స్టేడియం పక్కన కట్టారు. పాతదానిలో 21,000 మంది పడతారు, కొత్తదానిలో 23,500 మంది. రెంటి మధ్య దూరం మూడు కిలోమీటర్లు కూడా లేదు. కానీ ఆ మూడు కిలోమీటర్లలోనే తేడా అంతా ఉంది.

పాతది ఒలింపిక్స్ కల నుంచి పుట్టింది. 2000 ఒలింపిక్స్ తమకే వస్తాయని మాంచెస్టర్ ఆశపడింది. 1993లో అవి సిడ్నీకి పోయాయి. తలపెట్టిన అరేనా మాత్రం ఆగలేదు, ఎక్కువ భాగం సర్కారు సొమ్ముతోనే లేచింది. అమెరికా పద్ధతిలో స్టేజీ చుట్టూ నాలుగు వైపులా కుర్చీలు, కప్పును మోయడానికి వంద మీటర్లు దాటిన ఇనుప దూలం, హాలు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేదు. ఐస్ హాకీ, బాస్కెట్‌బాల్, బాక్సింగ్ అన్నీ ఆడించారు. 2005లో రికీ హ్యాటన్, కోస్త్యా జూ బాక్సింగ్ పోరు అమెరికా టీవీ ప్రేక్షకుల కోసం అర్ధరాత్రి దాటాక రెండింటికి మొదలైతే, అంతసేపూ హాలంతా మెలకువగా కూర్చుంది.

ఈ పాత అరేనాకి పేర్ల గొడవ ఒకటుంది. మొదట నైనెక్స్ అరేనా, తర్వాత స్థానిక పత్రిక పేరుతో ఎంఈఎన్ అరేనా, ఆపైన ఫోన్స్ ఫోర్ యూ, ఇప్పుడు ఏఓ. ఊళ్లో పాతవాళ్లు ఇప్పటికీ 'మెన్ అరేనా' అనే అంటారు. మన దగ్గర లాల్ బహదూర్ స్టేడియం అని ఎన్ని బోర్డులు పెట్టినా పాత హైదరాబాదీలు ఫతే మైదాన్ అనడం మానలేదు కదా, అలాగన్నమాట.

ఇక కొత్తది. 36.5 కోట్ల పౌండ్ల ప్రైవేటు పెట్టుబడి. అమెరికాకు చెందిన ఓక్ వ్యూ గ్రూప్, మాంచెస్టర్ సిటీ యజమానులైన సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ కలిసి కట్టారు. గాయకుడు హ్యారీ స్టైల్స్ కూడా అందులో వాటా పెట్టాడు. 2020లో అనుమతి అడిగినప్పుడు, ఊరికి రెండు పెద్ద అరేనాలు ఎందుకని పాత అరేనా వాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. నగర కౌన్సిల్ అయినా సరేనంది.

ప్రారంభమే తలవంపులుగా జరిగింది. 2024 ఏప్రిల్‌లో గాయకుడు రిక్ ఆస్లీ ట్రయల్ షో రోజున, మొదలవడానికి కొన్ని గంటల ముందు సీట్లు తగ్గించేసి, టికెట్లు కొన్నవాళ్లలో చాలామందిని రావద్దన్నారు. ఆ తర్వాత హాస్యనటుడు పీటర్ కే షోలు వాయిదా పడ్డాయి. మే 1న జనం లోపలికి రావడం మొదలయ్యాక అసలు షోనే రద్దు చేశారు. సౌండ్ చెక్ జరుగుతుండగా కప్పులోని గాలి గొట్టం తాలూకు భాగం ఒకటి ఊడి కింద పడింది. అదృష్టం కొద్దీ ఎవరికీ దెబ్బ తగల్లేదు. మే 14న ఎల్బో బృందంతో ఎట్టకేలకు తలుపులు తెరుచుకున్నాయి. ఆ మధ్యలో టేక్ దట్ బృందం తమ షోలను ఎక్కడికి మార్చుకుందంటే, వద్దన్న ఆ పాత అరేనాకే. అభ్యంతరం చెప్పినవాళ్లే ఆదుకోవాల్సి వచ్చింది!

ఇదంతా పాత కథ. హాలు లోపలి సంగతి మాత్రమే చూస్తే ఈరోజు కొత్తదే మేలు, అందులో నాకు అనుమానం లేదు. పాతది ఆటలకూ పాటలకూ కలిపి కట్టిన హాలు. ఐస్ రింకు పట్టేంత నేల వదలాల్సి రావడంతో పక్క బ్లాకుల్లో కూర్చుంటే స్టేజీ దూరంగా కనిపిస్తుంది. పై వరుసల మెట్లు నిటారుగా ఉంటాయి. మా అమ్మలా మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్తే కింది బ్లాకుల టికెట్ తీసుకోవాల్సిందే. కొత్తదాన్ని ముందుగా సంగీతం కోసమే గీశారు. కప్పు కిందికి ఉంటుంది, లోపలంతా నలుపు, వెనక వరుసలు కూడా స్టేజీ వైపు ఒరిగినట్టు ఉంటాయి. ఎంటీవీ యూరప్ సంగీత అవార్డులు 2024 నవంబరులో అక్కడే జరిగాయి. పాతవాళ్లు కూడా చేతులు ముడుచుకుని కూర్చోలేదు. దాదాపు 5 కోట్ల పౌండ్లు పెట్టి బార్లు, కూర్చునే చోట్లు బాగుచేశారు. పోటీ లేకపోతే ఆ ఖర్చు పెట్టేవాళ్లా అని నా సందేహం.

షో అయిపోయాక లెక్క తిరగబడుతుంది. పాత అరేనా నుంచి బయటికొస్తే మెట్లు దిగగానే రైలు, ట్రామ్ రెండూ ఉన్నాయి. బరీ, రోచ్‌డేల్, ఆల్ట్రింగ్‌హామ్, ఎవరి ఊరి ట్రామ్ వాళ్లకి. ఇరవై వేలమంది పది దారుల్లో పావుగంటలో చెదిరిపోతారు. కొత్తదాని దగ్గర ఉన్నది ఒకే ట్రామ్ లైను, ఎతిహాద్ క్యాంపస్ అనే స్టాపు. రైళ్లు దొరికే పికడిల్లీ స్టేషన్ మూడు స్టాపుల దూరమే. కానీ అంతమంది ఒకేసారి ఆ స్టాపుకే వస్తారు. బారికేడ్ల మధ్య పాములా తిరిగే క్యూ, ట్రామ్ వచ్చిన ప్రతిసారీ నాలుగడుగులు ముందుకి. చాలామంది విసుగొచ్చి అరగంట నడిచి పికడిల్లీ చేరుకుంటారు. వానలో, అదీ మాంచెస్టర్ వానలో, చంటిపిల్లను భుజాన వేసుకుని నడిచే తండ్రిని చూస్తే హాలు లోపలి సౌండ్ ఎంత బాగుందో ఎవరికి గుర్తుంటుంది?

అయితే స్టేషన్ పక్కన ఉండటం ఒట్టి లాభమే అని రాయలేను. 2017 మే 22 రాత్రి బాంబు పేలింది అరేనాకీ స్టేషన్‌కీ మధ్య ఉన్న సిటీ రూమ్ అనే దారి హాల్లోనే. పిల్లల కోసం ఎదురుచూస్తున్న తల్లిదండ్రులు నిలబడ్డ చోటు అది. 22 మంది చనిపోయారు. ఎవరైనా వచ్చి పోగలిగే దారిలో ఎవరి కాపలా ఎక్కడిదాకా అన్నది తర్వాత జరిగిన విచారణలో పెద్ద ప్రశ్న అయింది. చనిపోయిన మార్టిన్ హెట్ తల్లి ఫిగెన్ మర్రే ఏళ్లతరబడి పోరాడితే 2025లో 'మార్టిన్స్ లా' అనే చట్టం వచ్చింది. 200 మంది పట్టే చోటు నుంచీ భద్రతా ప్రణాళిక ఉండాలని అది చెబుతుంది. కొత్త అరేనా చుట్టూ విశాలమైన ఖాళీ స్థలం ఉంది, వచ్చేపోయేవాళ్లపై కన్ను వేయడం అక్కడ తేలిక. ఈ ఒక్క విషయంలో స్టేడియం పక్కనున్నదానికే మొగ్గు.

ఈ పోలికలో మనకి పనికొచ్చేది కూడా ఉంది. ఎతిహాద్ స్టేడియం మొదట 2002 కామన్వెల్త్ క్రీడల కోసం కట్టింది. అదే ఏడాది జాతీయ క్రీడల కోసం హైదరాబాద్‌లో గచ్చిబౌలి స్టేడియాలు సిద్ధమయ్యాయి. 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలు జరిగిన ఇండోర్ స్టేడియం అక్కడిదే. ఎతిహాద్ ముంగిటికి ట్రామ్ 2013లో వచ్చింది. గచ్చిబౌలికి మెట్రో రాలేదు, నీలం లైను రాయదుర్గం దగ్గరే ఆగిపోయింది. ఇరవై వేలమంది పట్టే అరేనా హైదరాబాద్‌కి కావాలంటూ ఎవరైనా ముందుకొస్తే, స్థలం చవగ్గా దొరికే ఔటర్ రింగ్ రోడ్డు వైపే చూస్తారని నా భయం. అక్కడ పార్కింగ్ పదివేల కార్లకు ఇచ్చినా, షో వదిలాక ఆ పదివేల కార్లూ ఒకే సర్వీస్ రోడ్డు మీదికి రావాలి.

నా మటుకు, ఒకే పాటగాడు రెండు హాళ్లలోనూ పాడుతున్నాడంటే, ఇల్లు దగ్గరై, కుర్రకారుతో నిలబడి చూడాలనుకుంటే కో-ఆప్ లైవ్. పెద్దవాళ్లో పిల్లలో వెంట ఉండి, ఊరు దాటి రైల్లో తిరిగి వెళ్లాలంటే ఏఓ. మా ఇంట్లో ప్రతిసారీ రెండో లెక్కే అవుతుంది, అందుకని పక్క బ్లాకులోంచి స్టేజీ చిన్నగా కనిపించినా సర్దుకుని, చివరి పాట పూర్తిగా వినే లేస్తాం.