గ్లోబ్ అబ్జర్వర్ యాప్: హన్మకొండ డాబా మీద చాన్నాళ్లు వాడాక

విమానం పోయాక ఆకాశంలో మిగిలే తెల్లచారల గురించి శాస్త్రవేత్తలకు మనలాంటివాళ్లం కూడా సమాచారం పంపొచ్చు. నాసా వాళ్ల గ్లోబ్ అబ్జర్వర్ యాప్ 2016 నుంచి ఉంది. ఉచితం. దోమలకు, చెట్లకు వేరే విభాగాలున్నా నేను వాడేది మబ్బుల విభాగమే. చారల లెక్క కూడా అందులోనే ఉంటుంది.

పని పెద్దదేం కాదు. ఆకాశంలో ఎంత భాగం మబ్బు కమ్మింది, నీలం చిక్కగా ఉందా పాలలా ఉందా, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అని వరసగా అడుగుతుంది. నేల మీద మంచు ఉందా అని కూడా ఉంటుంది. రామగుండంలో 45 డిగ్రీలు దాటిన రోజున ఆ ప్రశ్న చదివితే నవ్వాగదు. తర్వాత నాలుగు దిక్కులకూ, పైకీ, కిందికీ ఫొటోలు. ఇనుప చువ్వల పక్కన నిలబడితే నా ఫోన్ దిక్సూచి ఉత్తరాన్ని తూర్పు చేసేస్తుంది. నాలుగడుగులు ఇవతలికి జరిగి, ఫోన్‌ను ఎనిమిది అంకెలా తిప్పితే దారికొస్తుంది.

అసలు కష్టం చార ఏ రకమో తేల్చడం. మూడు రకాలు: వెంటనే మాయమయ్యేది, నిలిచినా వెడల్పు కానిది, నిలిచి పరుచుకునేది. మొదటిది చూడగానే తెలుస్తుంది. మిగతా రెండింటికీ ఓపిక కావాలి. కాజీపేట వైపు నుంచి వచ్చిన చార మొదట సన్నగా, జంట గీతల్లా ఉంటుంది. కాసేపటికి రెండూ కలిసిపోతాయి, అంచులు ఏకిన దూదిలా విచ్చుకుంటాయి. ఆలస్యంగా డాబా ఎక్కినవాళ్లు దాన్ని మామూలు పల్చటి మబ్బే అనుకుంటారు. శాస్త్రవేత్తలకు ఎక్కువ పనికొచ్చేది ఈ మూడో రకమే. భూమి నుంచి పైకి పోయే వేడిని అది కొంత పట్టి ఉంచుతుంది.

ఇంజిన్ వదిలే నీటి ఆవిరి దాదాపు మైనస్ 40 డిగ్రీల చలిలో మసి రేణువుల చుట్టూ గడ్డకడితే చార పుడుతుంది. పైన గాలి పొడిగా ఉంటే ఇట్టే కరిగిపోతుంది, తేమ బాగా ఉంటే నిలుస్తుంది. అంటే అక్కడి తేమ సంగతి మనకు కిందినుంచే తెలుస్తుందన్నమాట. చలిదేశాలతో పోలిస్తే అదే ఎత్తులో మన గాలి వెచ్చన, అందుకే ప్రతి విమానమూ చార వదలదు. శంషాబాద్‌లో దిగబోయేవి మన మీదికి వచ్చేసరికే కిందికి దిగుతుంటాయి కాబట్టి వాటికి చాలావరకు చార ఉండదు. మనకు కనిపించే చారలు ఎక్కువగా చాలా ఎత్తున, ఆగకుండా దాటిపోయే విమానాలవే.

ఉపగ్రహాలుండగా మనమెందుకు? నాసా టెర్రా, ఆక్వా ఉపగ్రహాల్లోని మోడిస్ అనే కెమెరా లాంటి పరికరం ఎంత వివరంగా చూసినా దాని ఫొటోలో ఒక్కో చుక్క నేల మీద 250 మీటర్లు. అప్పుడే పుట్టిన చార అంతకన్నా సన్నం, వాటి కంటికి ఆనదు. ఉపగ్రహం మన మీదుగా ఎప్పుడు పోతుందో యాప్ చెబుతుంది. ఆ వేళకు పావుగంట అటూ ఇటూగా చూసి రాస్తే, మన లెక్కనూ ఉపగ్రహం లెక్కనూ పక్కపక్కన పెట్టి ఈమెయిల్ వస్తుంది. నాకైతే ఈ యాప్‌లో అన్నిటికంటే నచ్చింది ఆ ఈమెయిలే. పైనుంచి చూస్తే ఏమీ లేదన్న చోట నేను రాసిన పల్చటి చార ఉంటే భలే సంతోషం.

చాలామంది చార అందంగా కనిపించిన రోజే ఫోన్ తీస్తారు. నా లెక్కలో ఖాళీ ఆకాశాన్ని ఖాళీ అని పంపడమే గట్టి పని. లేని రోజులు లెక్కలో లేకపోతే ఉన్న రోజులు ఎన్నో ఎలా తెలుస్తుంది? వానాకాలంలో కింది మబ్బే అంతా కమ్మేస్తే పైన ఏముందో ఊహించి రాయొద్దు, కమ్మిందనే రాయాలి.

పక్కింటి పెద్దమ్మకు ఇదంతా వేళాకోళం. “ఏంది బిడ్డా, రోజూ మొగులు ఫొటోలు తీస్తున్నవ్? వాన పడ్తదా లేదా గది చెప్పు” అంటుంది. ఆ సంగతి మాత్రం ఈ యాప్ చెప్పదు.

వెంటనే ఏదో కనిపించాలనుకునేవాళ్లకు ఇది విసుగు. సైన్స్ టీచర్లు మాత్రం తప్పకుండా చూడండి, ఈ యాప్ వెనకున్న గ్లోబ్ కార్యక్రమం 1995లో మొదలైందే బడి పిల్లలతో. సిగ్నల్ లేని ఊళ్లోనైనా లెక్క రాసి ఫోన్‌లో దాచుకుని, వైఫై దొరికాక పంపొచ్చు. సూర్యుడి వైపు మాత్రం పిల్లల్ని నేరుగా చూడనివ్వకండి.