బాడుగింట్లో దిగేటప్పుడు ఫోటోలా, వీడియోనా, కాగితమా?

ఎండాకాలం సెలవులొస్తే తిరుపతిలో ఇళ్ళు మారేవాళ్ళు ఎక్కువ. అడ్వాన్స్ కోత పడకుండా వెనక్కి రావాలంటే దిగేరోజు ఇల్లెలా ఉందో దేంతో రుజువు పెట్టుకోవాలని చాలామంది అడుగుతున్నారు.

వీడియో తీయడం సులువు. ఫ్యాన్ చప్పుడు, కొళాయి ధార, గీజర్ పనిచేస్తోందా లేదా అన్నది అందులోనే తెలుస్తుంది. అంతవరకే. ఇల్లు ఖాళీ చేసేరోజు సామాను ఆటోలో ఎక్కుతుంటే పది నిమిషాల వీడియో చూసే ఓపిక ఏ ఓనర్‌కూ ఉండదు.

ఫోటోలు అంతకన్నా నయం. గది మొత్తం కనపడేలా ఒకటి, పగులు దగ్గర్నుంచి ఒకటి తీయాలి. బోరునీళ్ళ ఉప్పుకు తెల్లబడిన బాత్రూం టైల్స్, తుప్పు పట్టిన కొళాయిలు మర్చిపోవద్దు. ఏప్రిల్‌లో పొడిగా కనిపించిన గోడ నవంబరు వానలకు చెమ్మెక్కుతుంది, అప్పుడు మళ్ళీ తీసి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటోలో దాగున్న తేదీ వివరాలు పోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉంటాయి.

నా ఓటు మాత్రం కాగితానికే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అగ్రిమెంట్లో వేరేగా రాసుకోకపోతే, మామూలు వాడకపు అరుగుదల పోను ఇల్లు తీసుకున్నప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి. అంటే అసలు తగాదా 'తీసుకున్నప్పుడు ఎలా ఉంది' అన్నదాని మీదే. పదకొండు నెలల అగ్రిమెంట్లలో చాలావాటిలో 'ఇల్లు మంచి స్థితిలో అప్పగించడమైనది' అని ముందే టైపు చేసి ఉంటుంది. దాని కింద మనమే సంతకం పెడతాం! అందుకే వెనకవైపు గదివారీగా లోపాలు, కరెంటు మీటర్ రీడింగ్, తాళంచెవుల లెక్క రాసి ఇద్దరూ సంతకం చేయాలి. ఒకటి రెండు నెలల బాడుగ కోసం ఎవరూ కోర్టుకు పోరు, పంచాయితీ గుమ్మం దగ్గరే. అక్కడ ఓనర్ నోరు మూయించేది ఆయన సంతకమే.

"ఏం సార్, ఇప్పుడే కోర్టుకు పోయేట్టుండారే" అని కొందరు మొహం మాడ్చుకుంటారు. అప్పుడు ఫోటోలు ఆ రోజే ఆయనకు పంపి, 'ఇవి ముందునుంచీ ఉన్నవే, ఒకసారి చూడండి' అని రాయండి. 'ఓకే' అని జవాబొస్తే సగం సంతకం కిందే లెక్క.

బ్రోకర్ సాక్ష్యమా? కమిషన్ అందాక ఆయన ఫోనెత్తితే చూద్దాం.

పెయింటింగ్ పేరుతో ఒక నెల బాడుగ పట్టుకునే అలవాటుకు మాత్రం ఇవేవీ పనిచేయవు. ఎంత పట్టుకుంటారో, ఎన్నేళ్ళుంటే పట్టుకోరో అడ్వాన్స్ చేతిలో పెట్టకముందే మాట్లాడి అగ్రిమెంట్లో రాయించుకోండి.